నాలుగు బేరింగులు, ఒక పొట్టేలు

పద్దెనిమిది వేల ఆరు వందలు. వికారాబాద్‌లో మెకానిక్ ఆ మాట అన్నప్పుడు స్నేహలతకు ముందు నవ్వొచ్చింది. తర్వాత పైకే అడిగేసింది. చక్రం లోపల ఎవరి కంటికీ కనబడకుండా తిరిగే ఇనుప కడియానికి ఇంత ధరా?

"ఒక్కదానికి కాదక్కా, నాలుగింటికి," అన్నాడతను గుడ్డతో చేతులు తుడుచుకుంటూ. "మోత ఏ చక్రంలకెళ్లి వస్తుందో చెప్పుడు కష్టం. ఒక బేరింగ్ మారిస్తే వారానికి ఇంకోటి మొత్తుకుంటది. నాలుగూ మార్చేస్తే నీకు ఫికర్ ఉండది, నాకు తలనొప్పి ఉండది."

ఆ మోత మొదలై నెలైంది. బండి నలభై దాటిందంటే చాలు, పిండిగిర్నీ పక్కన నిలబడ్డట్టు గుంయ్‌మని ఒకటే హోరు. మనమైతే ఏం చేస్తాం? మొదటి రోజే ఆపి చూపిస్తాం. స్నేహలత రేడియో సౌండు పెంచింది. రెండో వారం ఇంకాస్త పెంచింది. నాలుగో వారానికి రేడియో ఓడిపోయింది.

రోజూ పొద్దున వికారాబాద్‌లో నలుగురు టీచరమ్మలను ఎక్కించుకుని, అనంతగిరి ఘాట్ దాటించి, కోట్‌పల్లి దగ్గరి బడిలో దింపి, సాయంత్రం మళ్లీ తీసుకురావడం ఆమె పని. ఆ నలుగురే ఆమె బతుకుదెరువు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఆ తెల్ల కారే ఆమె పరువు. శుక్రవారం సాయంత్రం దిగేటప్పుడు వాళ్లలో పెద్ద టీచరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది. "లతా, మా తలకాయలు పగులుతున్నయ్ తల్లీ. సోమవారంకల్లా ఈ మోత పోవాలె. లేకుంటే మేం వేరే బండి చూసుకుంటం."

ఇంట్లో ఆ రాత్రి అన్నాలప్పుడు స్నేహలత మొగుడికి మెల్లగా చెప్పింది. విజయ్‌కుమార్ గొర్రెలు కాసే గొంతు కదా, అదే మాటను వాడకట్టంతా వినేట్టు వాళ్ల నాయన మల్లప్పకు చెప్పాడు. ముసలాయన ముద్ద మింగి, చెయ్యి కడుక్కుని, ఒక్కటే మాట అన్నాడు.

"పట్వారిని అమ్ముదాం."

పట్వారి అంటే వాళ్ల పొట్టేలు. ఎవరి చేనైనా సరే, భూమి కొలవడానికొచ్చిన కరణంలా గట్టు దిగి లోపలికి వెళ్లి పరిశీలిస్తుంది కాబట్టి ఊరోళ్లే పెట్టిన పేరది. తమ నవాబుపేట చుట్టుపక్కల అలాంటి కొమ్ములున్న పొట్టేలు లేదని మల్లప్ప లెక్క. తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచాడు. మందలో ముందు నడిచేది అదే, రాత్రి ఆయన గొంగడి అంచు మీద పడుకునేదీ అదే. దాన్ని అమ్మి తన కారుకు బేరింగులు వేయించడం ఆమెకు ఇష్టం లేదు.

వద్దని చెప్పాలనుకుంది. ఎలా చెప్పడం? పెళ్లై ఈ ఇంటికొచ్చి రెండేండ్లు. ఇంతవరకు మామ ఆమెతో సరిగా మాట్లాడిందే లేదు. అత్తవారింట్లో మామ ముందు గొంతు లేవొద్దని అమ్మ నూరిపోసి పంపింది కాబట్టి, తల మీద చున్నీ లాక్కుని, నేల చూపులు చూస్తూ, మెత్తగా అడిగేది. "మామా, నీళ్లు పెట్టనా?" జవాబుండదు. "మామా, అన్నం వడ్డించనా?" ఆయన గోడ వైపు చూస్తాడు. కోడలు కారు నడపడం ఆయనకు కిట్టదని ఆమె ఎప్పుడో తేల్చేసుకుంది. అలాంటాయన తన కారు కోసం పొట్టేలును అమ్ముతానంటే దాన్ని దయ అనుకోవాలో దెప్పు అనుకోవాలో తెలియక రాత్రంతా పక్క మీద దొర్లింది.

తెల్లారితే రెండో శనివారం, బడి లేదు. విజయ్‌కుమార్ మందను తోలుకుపోయాడు. తాండూరులో బిచ్చయ్య అనే బేరగాడు పొట్టేలును ఇరవై వేలకు కొంటానని ఫోన్లో విజయ్‌కుమార్‌తో ఒప్పుకున్నాడు. తాండూరు నిండా నాపరాళ్ల పాలిష్ మిషన్లు, వాటికి బేరింగులు అమ్మే దుకాణాలు కాబట్టి, కారు పని కూడా అక్కడే కాస్త చౌకగా అవుతుందని స్నేహలత ఆశ. వెనక సీటు మీద గోనె సంచులు పరిచి, పట్వారిని ఎక్కించారు. అది పెళ్లికి పోతున్న పెద్దమనిషిలా కిటికీలోంచి తల బయటపెట్టి నిలబడింది. మల్లప్ప గొంగడి భుజాన వేసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. ఆ కారులో ఆయన కూర్చోవడం అదే మొదటిసారి. సీటు బెల్టు పెట్టుకొమ్మని ఆమె మెల్లగా అంది. ఆయన పలకలేదు. స్నేహలత నిట్టూర్చి, తనే వంగి పెట్టింది.

వికారాబాద్ దాటి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టగానే కారు తన పాట అందుకుంది. మలుపు మలుపుకూ ఆ హోరు లేస్తోంది, పడుతోంది. వెనక పట్వారి ఈ తలుపు నుంచి ఆ తలుపుకు జారుతూ బే అని తిడుతోంది. స్నేహలతకు చెవులు దిబ్బళ్లేస్తున్నాయి. మామ మాత్రం చెట్లు చూస్తూ హాయిగా కూర్చున్నాడు. కాసేపటికి చెప్పులు విప్పి, అరికాళ్లు కారు అడుగుకు ఆనించాడు. ఇంకో రెండు మలుపులు తిరిగాక ఉన్నట్టుండి చెయ్యి ఎత్తాడు.

"ఆపు."

ఆమె బండి పక్కకు తీసింది. పొట్టేలుకు ఏమైనా అయిందేమోనని వెనక్కి చూసింది. అది నిక్షేపంగా ఉంది.

"అందరు మోత మోత అంటున్నరు గదా," అన్నాడు మల్లప్ప. "గా మోత ఏ తీర్గ ఉంటది?"

స్నేహలత నోరు తెరిచింది. ఇంతసేపూ పిండిగిర్నీలో కూర్చుని వచ్చిన మనిషి అడిగే మాటేనా అది? "మామా, మీకు వినబడ్తలేదా?" అంది, ఎప్పటిలాగే నేల చూపులు చూస్తూ.

ఆయన ఆమె పెదాల వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. "జర గట్టిగ చెప్పు బిడ్డా. నా చెవులు పోయి మూడేండ్లాయె. విజయ్‌గాడు అరిస్తే ఇనవడ్తది. నువ్వేమో నోట్లెనే గొణుక్కుంటవ్. చెవిటోడన్న పేరెందుకని ఎవలకు చెప్పలే నేను."

ఆ మాట అర్థం కావడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. నీళ్లు, అన్నం, చాయ్, జ్వరం తగ్గిందా, పండుగకు బట్టలు ఏ రంగు తేవాలి, రెండేండ్లలో తను అడిగినవన్నీ గోడకు చెప్పినట్టే పోయాయన్నమాట. "నా మీద కోపమనుకున్న మామా," అంది, ఈసారి కొంచెం గొంతు పెంచి. "కారు నడుపుతున్ననని నాతోని మాట్లాడరనుకున్న."

"నేను మాట్లాడనా?" మల్లప్ప కళ్లు పెద్దవి చేశాడు. "నువ్వు మాట్లాడవని నేననుకున్న! కారున్న కోడలు, గొర్లకాపరి ముసలోనితోని ఏం మాట్లాడ్తదిలే అని ఊకున్న."

స్నేహలతకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఏది ముందు రానివ్వాలో తెలియక చున్నీతో ముఖం తుడుచుకుంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు మర్యాద చూపించుకుంటూ రెండేండ్లు మూగవాళ్లలా బతికారు. మర్యాదకు కూడా ఒక హద్దుండాలి!

ముసలాయనకు మాత్రం ఆ ముచ్చట అక్కడితో అయిపోయింది. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. "మోత ఇనవడకున్నా నా కాలికి ఎరుకైంది. నీ కారు కుంటుతుంది."

"కుంటుడేంది మామా?"

"గొర్రె కుంటితే ఏ కాలని ఎట్ల చూస్తం? గుట్ట వాలుకు అడ్డంగ నడిపిస్తం. ఒకపారి గిటు, ఒకపారి గటు. బాగలేని కాలి మీద బరువు పడ్డప్పుడు కుంటుతది, దిక్కు మారిస్తే మంచిగ నడుస్తది." అరచేతిని వాలుగా పెట్టి చూపించాడు. "నువ్వు ఎడమకు మలిపినప్పుడల్ల గీ ఇనుము జిల్లుమంటుంది. కుడికి మలిపితే బందైతుంది. ఎడమకు మలిపితే బరువు ఏ దిక్కు పడ్తది?"

ఆమెకు జవాబు వెంటనే తట్టింది. ఎడమకు తిప్పినప్పుడు పట్వారి ప్రతిసారీ కుడి తలుపుకే జారుతోంది! "కుడి దిక్కు," అంది, అనేటప్పటికే ఒళ్లంతా ఝల్లుమంది. నాలుగు చక్రాల్లో రెండు తప్పుకున్నాయి.

"చెప్పులు ఇడువు," అన్నాడు మల్లప్ప. "బండి మలుపు. మళ్లొకపారి కింది నుంచి ఎక్కుదాం."

ఎక్కారు. ఈసారి స్నేహలత కూడా ఒట్టి కాళ్లతో నడిపింది. ఎడమ మలుపు రాగానే మడమ కింద సన్నగా, తేనెటీగను డబ్బాలో మూసినట్టు, ఒక వణుకు. కుడి మలుపులో అది మాయం. మళ్లీ ఎడమ, మళ్లీ వణుకు. "ఉంది మామా, ఉంది!" అని చిన్నపిల్లలా అరిచింది. నెల రోజులుగా కాళ్ల కిందే ఉన్న ఆనవాలును రేడియో కింద పూడ్చిపెట్టింది తనే!

మూడోసారి మల్లప్ప వెనక సీటుకు మారి, పొట్టేలును పక్కకు నెట్టి, వెనక కుడి చక్రం ఉన్న వైపు కూర్చుని కాళ్లు ఆనించాడు. రోడ్డు పక్కన మక్క కంకులు కాల్చేవాళ్లు, ముచ్చటగా మూడోసారి ఎక్కుతున్న కారునూ, అందులో పక్కపక్కనే కూర్చున్న ముసలాయననూ పొట్టేలునూ నోళ్లు వెళ్లబెట్టి చూశారు. పైకి చేరేటప్పటికి మల్లప్ప తేల్చేశాడు.

"వెనుక ఏం లేదు. కుడి దిక్కు, ముందరిది. మన గొర్లను కాసే బీరప్ప తోడు, గదొక్కటే."

ఒక్కటే! స్నేహలత మనసు ఎగిరి గంతేసింది. ముందర చక్రానికి ఒట్టి బేరింగే మారుస్తారు కాబట్టి, తన సంచిలో ఉన్న మూడు వేలతోనే పనైపోతుంది. పట్వారి ఇంటికొచ్చేస్తుంది. సోమవారం టీచరమ్మలు ఎక్కుతారు. ధారూర్ దాటి తాండూరు చేరేదాకా ఆమె కాలు ఎక్సిలేటర్ మీద నుంచి లేవలేదు.

కానీ తాండూరులో మెకానిక్ మల్లేశ్వర్‌కు ఈ సంతోషం ఏమీ తెలియదు. పాలిష్ యూనిట్ల పక్క సందులో అతని షెడ్డు. బిచ్చయ్య అప్పటికే అక్కడికొచ్చి, పొట్టేలు చుట్టూ తిరిగి, కొమ్ములు పట్టి చూసి, జేబు తడుముకుంటూ నిలబడ్డాడు. మల్లేశ్వర్ కారును వీధిలో ఒక రౌండు తిప్పి తెచ్చాడు. జాకీ వేసి ఒక్కో చక్రం లేపి, ఊపి, తిప్పి, స్క్రూడ్రైవర్ ఒక కొస చక్రం దగ్గర, ఇంకో కొస చెవిలో పెట్టుకుని, పక్క యూనిట్ల రొదలో కళ్లు మూసుకుని విన్నాడు.

"వెనుక ఎడమది," అన్నాడు లేచి. "నా మాట వింటే వెనుక రెండూ మార్చాలె. వెనుకవి చక్రం బిగించే హబ్బుతోనే కలిసి వస్తయ్, తొమ్మిది వేలైతది."

మల్లప్పకు ఆ మాటలు వినబడలేదు. కానీ మెకానిక్ పానా పట్టుకుని వెనక చక్రం వైపు నడవడం కనబడింది. లేచి వెళ్లి దారికి అడ్డం నిలబడ్డాడు. "గది కాదు పటేలా. ముందర కుడిది ఇప్పు."

"పెద్దయ్యా, ముందర బేరింగ్ ప్రెస్ మిషన్ల పెట్టి గుద్దితే గాని ఊడిరాదు. ఊడొచ్చినంక మంచిదైనా పనికిరాదు. గప్పుడు ఏమంటవ్?" మల్లేశ్వర్ గొంతు పెంచి అన్నాడు.

ఇది మల్లప్పకు వినబడింది. వెళ్లి పట్వారి తాడును షెడ్డు గుంజకు కట్టాడు. "నా మాట తప్పైతే గీ పొట్టేలు నీది. రూపాయి ఇయ్యకు."

బిచ్చయ్య అదిరిపడ్డాడు. "ఏందే మల్లప్పా, నాకిస్తనన్నదాన్ని గాయనతోని పందెం కాస్తవా? ఇస్తే ఇప్పుడే ఇయ్యి. లేకుంటే నేను పోయి ఇంకోటి చూసుకుంట."

మల్లేశ్వర్ స్నేహలత వైపు తిరిగాడు. "అక్కా, బండి నీది. నువ్వు చెప్పు. ఎవల మాట వినాలె?"

ఒక పక్క ముప్పై ఏండ్ల నుంచి బేరింగుల మోతలు విన్న చెవులు. ఇంకో పక్క మోతంటే ఏమిటో వినబడని మనిషి. ఆ సంగతి అక్కడ ఆమె ఒక్కదానికే తెలుసు. తప్పైతే ఉన్న మూడు వేలూ పోతాయి, పొట్టేలు పోతుంది, బిచ్చయ్య ఇరవై వేలు పోతాయి, సోమవారం ఆ నలుగురూ వేరే కారెక్కుతారు. ఇప్పుడు తాడు బిచ్చయ్య చేతిలో పెట్టేస్తే, పట్వారి ఒక్కటే పోతుంది, మిగతావన్నీ దక్కుతాయి. తెలివైనవాళ్లెవరైనా అదే చేస్తారు.

మల్లప్ప ఆమెనే చూస్తున్నాడు. ఆ చూపులో బతిమాలడం లేదు. నీక్కూడా తెలుసు కదా అన్నట్టుంది. తెలుసు. మడమ కింద ఆ వణుకు ఆమెకు ఇంకా ఉంది.

"ముందర కుడిదే విప్పన్నా," అంది.

బిచ్చయ్య చీదరించుకుంటూ వెళ్లిపోయాడు. మల్లేశ్వర్ మూతి ముడిచి పని మొదలుపెట్టాడు. చక్రం ఊడింది. పెద్ద నట్టు మాత్రం రానంది. పానాకు ఇనుప పైపు తొడిగి, దాని మీద మనిషి నిలబడితే గానీ టక్కుమని వదల్లేదు. బేరింగ్ బిగిసి ఉన్న హబ్బు ఊడదీసి చేతిలో పట్టుకుని, "ప్రెస్సు పక్క గల్లీల ఉంది, రా అక్కా, నీ కళ్లతోని చూస్తువు," అన్నాడు. మల్లప్ప రాలేదు. పొట్టేలు పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని, దాని మెడ నిమురుతూ ఉండిపోయాడు.

ప్రెస్ మిషన్ కింద హబ్బును నిలబెట్టారు. నూనె పంపు కొడుతుంటే మిషన్ మూలిగింది. ఏమీ కదల్లేదు. ఇంకా కొట్టారు. ఠప్‌మని తుపాకీ పేలినట్టు చప్పుడైంది, బేరింగ్ ఊడి కింద పడింది. మల్లేశ్వర్ దాన్ని డీజిల్‌లో కడిగి, లోపలి కడియం బయటికి తీసి, వెలుతురులోకి పట్టుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏమైందన్నా?"

అతను దాన్ని ఆమె చేతిలో పెట్టాడు. అద్దంలా ఉండాల్సిన ఇనుము అమ్మవారు పోసిన ముఖంలా గుంటలు గుంటలు పడి ఉంది. వేలితో రాస్తే కరకరలాడింది.

"గిదేనక్కా," అన్నాడు మల్లేశ్వర్, తల పట్టుకుని. "మిగతా మూడు మంచిగున్నయ్. ముందరి మోత వెనుకకు పోయి ఇనవడ్డది నాకు, మోసపోయిన. వెనుకవి మార్చి పంపితే రేపు మళ్లొచ్చి నన్ను తిడుతుంటివి. కొత్తది పదహారు వందల యాభై, నా కూలి ఎనిమిది వందలు. గంతే. కూలి వద్దందామంటే నాకూ పిల్లలున్నరు."

రెండు వేల నాలుగు వందల యాభై! పద్దెనిమిది వేల ఆరు వందలెక్కడ, ఇదెక్కడ! స్నేహలత ఆ పాడైపోయిన బేరింగ్‌ను బంగారు కడియంలా గుప్పిట్లో పట్టుకుని షెడ్డు వైపు దాదాపు పరుగెత్తింది. కొత్త బేరింగ్‌తో మల్లేశ్వర్ వెనకే వస్తున్నాడు, ఇంకా నమ్మలేక తల అడ్డంగా ఊపుకుంటూ, ముఖం వేలాడేసుకుని.

సందు మొదట్లోకి రాగానే ఆమెకు మల్లప్ప కనబడ్డాడు. ఆయన చూపు ఆమె మీద లేదు, వెనకొస్తున్న మల్లేశ్వర్ మీద ఉంది. వేలాడేసిన ఆ ముఖాన్ని, అడ్డంగా ఊగుతున్న ఆ తలను చూస్తున్నాడు. ముసలాయన మెల్లగా పీట మీద నుంచి లేచాడు. పట్వారి నుదుటి మీద ఒకసారి చెయ్యి పెట్టాడు. తర్వాత వంగి, గుంజకు కట్టిన తాడు ముడి విప్పడం మొదలుపెట్టాడు.

ఓడిపోయామనుకున్నాడు!

"మామా," అంది స్నేహలత. అలవాటైన గొంతే వచ్చింది, మెత్తగా, నేల చూపుల గొంతు. పక్కనే నాపరాళ్ల మిషన్లు గర్రుమంటున్నాయి. ఆ మాట ఆమె చెవికే చేరలేదు. మల్లప్ప తాడు విప్పేశాడు. కొసను చేతికి చుట్టుకుని, మాట మీద నిలబడే మనిషిలా నిటారుగా, మల్లేశ్వర్‌కు ఎదురు నడుస్తున్నాడు. కళ్లు మాత్రం తుడుచుకోలేదు, అవి కారుతున్నాయి.

స్నేహలతకు ఇక అమ్మ మాట గుర్తు రాలేదు, చున్నీ గుర్తు రాలేదు, సందులో జనం గుర్తు రాలేదు. బేరింగ్ ఉన్న చెయ్యి పైకెత్తి, గుండెల నిండా గాలి పీల్చి, బతుకులో ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచింది.

"మామా! తాడు ఇడువకు! మనమే గెలిచినం! పట్వారి మనదే మామా, ఇంటికి పోతున్నం!"

పాలిష్ మిషన్ల దగ్గర పనివాళ్లు తలలు తిప్పారు. చాయ్ బండి దగ్గర గ్లాసులు ఆగాయి. ఎవరీ పిల్ల, ఎవరినిలా కేకలేస్తోందని సందు సందంతా చూసింది.

మల్లప్ప ఉన్నచోటే ఆగిపోయాడు. ముందు కోడలిని చూశాడు, తర్వాత ఆమె ఎత్తి పట్టుకున్న ఇనుప కడియాన్ని చూశాడు. తాడును రెండు చేతులతో గుండెకు అదుముకుని, సందు అవతలి నుంచి తనూ అంత గట్టిగానే అరిచాడు.

"ఇనవడ్డది బిడ్డా! మొత్తం ఇనవడ్డది!"